మ్యాచ్‌కు ముందు కల్లు

మార్చి, ఆదివారం, నల్గొండ. ఉన్నవారు: కాకినాడ నుంచి వెళ్లిన నేను, ఫుట్‌బాల్ మైదానం గేటు కాపలాదారు, కూతురి ఆట చూడడానికి మర్రిగూడ నుంచి వచ్చిన యాదయ్య.

తాగినవాళ్లను లోపలికి రానివ్వడం లేదు. కాపలాదారు వాసన పట్టి యాదయ్యను ఆపాడు.

“తాగొచ్చినవ్ కాకా.”

“నా బిడ్డ మీద ఒట్టు, తాగలే. కల్లే గదరా!”

“కల్లు తాగుడు కాదా?”

“చుట్టమొస్తే మీ ఇంట్ల పొయ్యరా? గది తాగుడెట్లయితది?”

నేను నవ్వాను గానీ, ఆయన నిజంగానే అలా నమ్ముతున్నాడు. ఆట ముగిసేదాకా బయటే నిలబడి, లోపల కేక వినబడ్డప్పుడల్లా “మా బిడ్డ కొట్టిందా సారూ?” అని గేటు లోపలున్న నన్ను అడిగాడు.

మర్నాడు పొద్దున బస్టాండులో తండ్రీకూతుళ్లు కనిపించారు.

“ఇగ నుంచి కల్లు గూడ తాగుడు కిందనే లెక్క బాపూ,” అంది ఆ అమ్మాయి.

యాదయ్య అడిగాడు: “మ్యాచ్ దినమే గద బిడ్డా?”