యెషయాగారి పెద్ద ప్రార్థన

పద్మారావు నగర్‌లోని ఆ తెలుగు క్రైస్తవ సంఘంలో యెషయాగారి ప్రార్థనంటే అందరికీ భక్తి, కొంచెం భయం కూడా. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, సంఘపెద్ద. ఎవరికి జబ్బు చేసినా సంచిలో బైబిలు వేసుకుని నడిచి వెళ్ళేవాడు. కళ్ళు మూసుకున్నాడంటే ఆ ఇంటివాళ్ళతో మొదలుపెట్టి వాళ్ళ చుట్టాలు, పరీక్షలు రాసే పిల్లలు, ముఖ్యమంత్రి, వానలు, ఎవర్నీ దేన్నీ వదిలేవాడు కాదు. మోండా మార్కెట్లో కూరగాయలమ్మే మార్త అయితే ముందే చెప్పేసేది.

"పెద్దయ్యా, జెర జల్దీ కానియ్యి. పొయ్యి మీద బువ్వున్నది."

ఆయన నవ్వేవాడు. బువ్వ మాడేది.

రిచర్డ్ కూడా సంఘపెద్దే. పోస్టాఫీసులో పనిచేస్తూ చర్చిలో పాటలు పాడే క్వైర్ నడిపేవాడు. ఇద్దరూ కుర్రతనంలో బెజవాడ నుంచి వచ్చి రాంగోపాల్‌పేట్‌లో ఒకే గదిలో వండుకు తిన్నవాళ్ళు. అలాంటి రిచర్డ్‌ని ఒక క్రిస్మస్ ముందు పెద్దల మీటింగులో యెషయా అందరి ముందూ అనేశాడు: "నీ గొంతు పోయింది రిచర్డ్. ఇక పిల్లలకి వదిలెయ్."

నిజమే. కానీ చాటుగా చెప్పాల్సిన నిజం. రిచర్డ్ కీర్తనల పుస్తకం బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. ఆ తర్వాత ఆదివారాలు వెనక వరసలో కూర్చునేవాడు, పాట వస్తే పెదవి కదిపేవాడు కాదు. ఇద్దరి మధ్యా "వందనాలు" తప్ప ఇంకో మాట లేకుండా పోయింది. సంఘపెద్దలు కదా, అది కూడా మానేస్తే నలుగురిలో బాగుండదు.

కొన్నేళ్ళకు రిచర్డ్ మంచాన పడ్డాడు. ఒక సాయంత్రం యెషయాని రమ్మని కబురు పెట్టాడు. వెళ్ళేసరికి ఉతికిన చొక్కా తొడిగించుకుని, దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. భార్య ఎమిలీ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.

"యెషయా, నీతో ఒక మాట చెప్పాలిరా."

యెషయా సంచిలోంచి బైబిలు తీశాడు. ఆ మీటింగు సంగతే ఎత్తుతాడు. ఎత్తితే ఏం జవాబు చెప్పాలి?

"చెబుదువుగానిలే. ముందు ప్రార్థన చేసుకుందాం."

కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజు చేసినంత పెద్ద ప్రార్థన ఆయన ఎన్నడూ చెయ్యలేదు. డాక్టర్లను, నర్సులను, దూరదేశాల మిషనరీలను కూడా లాక్కొచ్చాడు. అయిపోతుందనుకున్నప్పుడల్లా ఇంకో పేరు వెతుక్కున్నాడు. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని దాక్కుంటున్నానని ఆయనకు తెలుసు. తెలిసే దాక్కున్నాడు.

"ఆమేన్" అని కళ్ళు తెరిస్తే రిచర్డ్ తల పక్కకు వాలి ఉంది. నిద్రపట్టిందనుకుని, టీ తెచ్చిన ఎమిలీ దుప్పటి కప్పింది. అతను మళ్ళీ కళ్ళు తెరవలేదు. తెల్లవారేసరికి పోయాడు.

సమాధి చేసి వచ్చాక ఎమిలీ యెషయా దగ్గరకొచ్చింది.

"అన్నయ్యగారూ, మీతో చెప్పాలనుకున్న మాట ఆయన చెప్పారా? ఆ రోజు పొద్దున్నించీ దానికోసమే కాచుకుని ఉన్నారు."

ఆమె ముఖం చూసి లేదనలేకపోయాడు.

"చెప్పాడమ్మా."

"ఏమన్నారు?"

"నన్ను... క్షమించానన్నాడు."

ఎమిలీ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "మనసులో భారం దించుకునే పోయారన్నమాట" అంది.

ఆ మాట సంఘం పాస్టరు అయ్యగారి చెవిన పడింది. జ్ఞాపకార్థ కూడికలో ఆయన దాన్నే ప్రసంగం చేశాడు. సంఘపెద్దలంటే వీళ్ళు, చావుకి ముందు ఒకరితో ఒకరు సమాధానపడ్డవాళ్ళు, మీరూ నేర్చుకోండి అన్నాడు. జనం తలలూపారు. ముందు వరసలో కూర్చున్న యెషయాకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇప్పుడు లేచి నిజం చెబితే ఎమిలీకి మిగిలిన ఆ ఒక్క ఓదార్పూ పోతుంది. చెప్పకపోతే రిచర్డ్ ఇవ్వని క్షమని బతికినంత కాలం మొయ్యాలి. అసలతను ఏం చెబుదామనుకున్నాడో, అది తిట్టో, క్షమాపణో, ఏదైనా చిన్న అవసరమో, ఇక ఎవర్నడగాలి?

"ముగింపు ప్రార్థన యెషయాగారు చేస్తారు" అన్నాడు అయ్యగారు.

యెషయా లేచాడు, కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువా" అన్నాడు. ఆ తర్వాత ఒక్క మాటా రాలేదు. అలాగే కూర్చుండిపోయాడు.

"పాపం, దోస్తు యాదికొచ్చిండు" అంది మార్త పక్కావిడతో.