జోసఫిన్ వెళ్లి అడిగిన కోళ్ల సంగతి

జోసఫిన్‌ది నరసాపురం. అమెరికాలోని బెంటన్‌విల్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడమే ఆమె ఉద్యోగం. అలాగని ముభావంగా ఉండే మనిషి కాదు. ఎవరింటికి వెళ్లినా ముందు వంటింట్లోనే తేలుతుంది.

నిరుడు వసంతంలో సుడిగాలి వచ్చి, ఊరవతల కొండదారి వెంట ఉన్న పల్లె ఇళ్లను ఊడ్చేసింది. గుడ్లు అమ్ముకుని బతికే కుటుంబాలవి. తెలుగు చర్చి వాళ్లు చందాలు పోగుచేసి ఇంటింటికీ కోడిపెట్టల్నీ మేతనూ ఇచ్చి వచ్చారు. ఏడాది తిరగబోతుండగా పాస్టరు దైవాశీర్వాదంగారు జోసఫిన్‌ని పిలిచారు.

"ఆ ఫ్యామిలీస్ ఎలా ఉన్నాయో ఒకసారి విజిట్ చేసి రా అమ్మా. ఆదివారం సర్వీస్‌లో రెండు మంచి మాటలు చెబుదువుగాని."

"మంచి మాటలే కావాలంటే డ్రైవ్ చేయడం ఎందుకు అయ్యగారూ? ఇక్కడే కూర్చుని చెప్పేస్తాను," అందామె. ఆయన నవ్వేశారు.

శనివారం బయల్దేరింది. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట: అంతా బాగుంది, దేవుడు మిమ్మల్ని దీవించుగాక. కాఫీ ఇచ్చారు, కేకు పెట్టారు. పెరట్లోకి మాత్రం ఎవరూ తీసుకెళ్లలేదు. ఎక్కడా ఒక్క కోడి అరుపు వినపడలేదు.

ఒక్క తప్పూ దొరక్కపోతే టెస్టరుకి అనుమానం వస్తుంది. పైగా ఆమెకు తన చిన్నతనం గుర్తొచ్చింది. తుపాను తర్వాత నరసాపురంలో ఎవరో ఊలు స్వెట్టర్లు పంచితే అమ్మ దణ్ణం పెట్టి మరీ తీసుకుంది. ఆ స్వెట్టర్లు పొయ్యి మీది గిన్నెలు దించడానికి పనికొచ్చాయి. ఇచ్చినవాళ్ల మొహం మీద ఆ సంగతి ఎవరు చెబుతారు?

దారి చివర డార్లీన్ అనే పెద్దావిడ ఇల్లుంది. అక్కడ జోసఫిన్ ప్రశ్న మార్చింది.

"మళ్లీ సుడిగాలి వచ్చి పక్క ఊళ్లో ఇళ్లు పోయాయనుకోండి. వాళ్లకి మేం ఏమివ్వాలంటారు?"

డార్లీన్ చేతిలో కేకు ముక్క కింద పెట్టింది. "ముందు కంచె వేయించండి, గడియ ఉన్న గూడు ఇవ్వండి. కోళ్ల సంగతి తర్వాత. మా కంచెలు గాలికి పోయాయి. మీరిచ్చిన కోళ్లు రాత్రిళ్లు అడవిలోంచి వచ్చే రకూన్ జంతువులకి విందయ్యాయి. ఆ వారమంతా అవి మీ చర్చిని తెగ దీవించి ఉంటాయి!"

జోసఫిన్‌కి నవ్వూ సిగ్గూ ఒక్కసారే వచ్చాయి. "మరి ఏదీ పనికిరాలేదా?"

"ఎందుకు పనికిరాలేదు? ఆ రంపం!"

కోళ్లు దింపడానికి వచ్చినాయన ఒకరు దారికి అడ్డంగా పడిన చెట్టు కోసి, మోటారు రంపం అక్కడే మరిచిపోయాడట. అది ఇల్లిల్లూ తిరిగింది. కూలిన ఓక్ చెట్లు కోసి కట్టెలమ్ముకుని అందరూ చలికాలం గట్టెక్కారు. డార్లీన్ అల్లుడికి ఇప్పుడు చెట్లు కొట్టడమే జీవనాధారం.

ఆదివారం జోసఫిన్ ఉన్నదున్నట్టు చెప్పింది. రంపం మాట రాగానే వెనక వరసలోంచి ఇమ్మాన్యుయేల్ అంకుల్ లేచాడు.

"నా చైన్‌సా అక్కడుందా! గరాజ్ మొత్తం మూడుసార్లు క్లీన్ చేయించింది మా ఆవిడ!"

నవ్వులు ఆగాక పాస్టరుగారు మెల్లగా అన్నారు. "ఇచ్చే ముందు ఒక్క మాట అడగాల్సింది మనం. సరే, వచ్చే శనివారం ఎవరెవరు ఫ్రీ?"

సుత్తి పట్టడం తెలియనివాళ్లే ఎక్కువ మంది వచ్చారు. డార్లీన్ అల్లుడు చూపిస్తుంటే సాయంత్రానికి ఇనుప వల కంచెలు లేచాయి. రంపం కోసం వెళ్లిన ఇమ్మాన్యుయేల్ అంకుల్, ఆ అల్లుడు దాంతో పని చేస్తున్న తీరు చూసి, అడగకుండానే తిరిగొచ్చాడు. ఆ తర్వాతే కొత్త కోళ్లు వెళ్లాయి.

ఎండాకాలం చివర సంతలో డార్లీన్ గుడ్లు అమ్ముతూ కనిపించింది.

"కంచె ఎలా ఉంది?" అని అడిగింది జోసఫిన్.

"కంచె బాగుంది. గేటే తలకిందులుగా బిగించారు. మా అల్లుడు ఊడదీసి మళ్లీ పెట్టాడు," అంది డార్లీన్, ఏమాత్రం మొహమాటం లేకుండా.

జోసఫిన్ ప్రాణానికి హాయిగా అనిపించింది. రెండు డజన్లు కొనుక్కుంది.