తమ్ముడి మట్టికోట

ఈ ఉదయం పక్కింటి కోడలు ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకుని వచ్చింది. మరిపెడలో వాళ్ల అన్న ఇంట్లో అక్వేరియం ఎత్తేశారట. అందులోని రంగురాళ్లు, ప్లాస్టిక్ మొక్కలు, నోరు తెరిచి మూసే ఆల్చిప్ప బొమ్మ ఇంకా తడి తడిగానే ఉన్నాయి. "అక్కా, ఇయ్యి మా తొట్టిల ఏస్తే మంచిగుంటది గద?" అంది. "ఆగు!" అని కాస్త గట్టిగానే అన్నాను. పాపం, బెదిరిపోయింది. ఎందుకంత గట్టిగా అన్నానో చెప్పాలంటే మా తమ్ముడి సంగతి చెప్పాలి.

తమ్ముడు మహబూబాబాద్‌లో ఉద్యోగం చేసేవాడు. మేం ఆ ఊరిని మానుకోట అనే అంటాం. పెళ్లయినా, కొలువు దొరికినా వాడి ప్రాణమంతా హాల్లోని చేపలతొట్టి మీదే. ఒక కుమ్మరాయన పక్కన కూర్చుని, ఆయన్ని విసిగించి, జానెడెత్తు మట్టికోట చేయించుకున్నాడు. రెండు బురుజులు, మధ్యలో చేప దూరేంత దర్వాజ. తొర్రూరులో మా ఇంట్లో తొట్టి పెట్టించిందీ వాడే. అమ్మ పోయాక నా దగ్గరే ఉంటున్న బాపుకు పొద్దు పోవాలని. బాపు దాని ముందు కుర్చీ వేసుకుని, ఎర్రచేపల్ని "పోరగాండ్లు" అని పిలుస్తూ, మేత ఆలస్యమైతే బడిలో పాఠాలు చెప్పి అలసిపోయి వచ్చిన నామీద విరుచుకుపడేవాడు.

తమ్ముడు జబ్బుపడి మూడు వారాలు దవాఖానలో ఉండి, ఇక తిరిగి రాలేదు. నలభై రెండేళ్లవాడు. బాపు ఏడవలేదు. వచ్చినవాళ్లకు కుర్చీలు వేయిస్తూ, తిన్నారా అని అడుగుతూ తిరిగాడు. ఆ ధైర్యాన్ని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం భయం వేసింది. అక్కడ వాడి తొట్టిని పట్టించుకునేవాళ్లు లేక చేపలు ఒక్కొక్కటే చచ్చిపోతూ వచ్చాయి. దినాల మర్నాడు మరదలు చివరిదాన్ని తీసేసి, కోటను నా చేతిలో పెట్టింది. "వదినా, గిది నువ్వు తీస్కపో. నేను చూడలేను" అంది. దానిమీద పచ్చటి నాచు పట్టి ఉంది. వాడి కళ్లముందు పెరిగిన నాచు కదా, కడగబుద్ధి కాలేదు. తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి, తిన్నగా మా తొట్టిలో దించాను.

వారం తిరక్కముందే మా చేపల మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు లేచాయి. అవి రాళ్లకు ఒళ్లు రుద్దుకునేవి. ఆ తర్వాత రోజుకొకటి తేలసాగింది. బాపు అన్నం సగంలో లేచి, చచ్చినదాన్ని పెరట్లో పాతిపెట్టి వచ్చేవాడు. మిగతా అన్నం ముట్టేవాడు కాదు. బస్టాండు దగ్గర రంగుచేపలు అమ్మే చాచా దగ్గరికి పరుగెత్తాను.

"కొత్తగ ఏమేసినవ్ బిడ్డా?" అన్నాడు అంతా విని. చెప్పాను.

"గా కోటతోటే వచ్చింది. అది పురుగు. చేప మీదికెల్లి రాలి రాళ్లకు, బొమ్మలకు అతుక్కుంటది. ఆడ పిల్లలు జేసి మళ్ల చేపను పడతది. తడి ఉన్నంతసేపే దాని జోరు. మరగబెట్టి, మంచిగ ఎండబెడితే ఖతం. ప్లాస్టిక్ చెట్లయితే మరగబెట్టకు, మెత్తబడతయి. కడిగి ఎండకు పెట్టు. సబ్బు మాత్రం ముట్టియ్యకు జర" అని, తొట్టిలో వేయడానికి మందు ఇచ్చాడు.

ఇంటికొచ్చి కోటను బయటికి తీసి, దాన్నే చూస్తూ కూర్చున్నాను. మరిగిస్తే ఆ పచ్చదనమంతా పోతుంది. బాపు వచ్చి ఎదురుగా పీట వేసుకున్నాడు.

"ఏంది, గట్ల కూసున్నవ్?"

"వాని గుర్తు బాపూ. మరగబెడితే ఏం మిగుల్తది?"

"వాడుంటే ఒక్క గులకరాయినన్న మరగబెట్టకుంట ఎయ్యనిచ్చెటోడా? ఈడ తొట్టి పెట్టిన నాడు మన పొయ్యి మీద రాళ్లు ఉడకబెట్టిండు. నేను నవ్విన. 'నవ్వకు బాపూ, కండ్లకు కానరాని పురుగులుంటయి' అన్నడు."

ఆ రోజు నేను బడిలో ఉన్నాను. నాకు నిజంగానే తెలియదు.

బగారన్నం వండే పెద్దగిన్నెలో చన్నీళ్లు పోసి, కోటను దించి, పగలకుండా సన్నసెగ మీద మరిగించాం. ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడలేదు. చల్లారాక బాపు పాత పళ్ల బ్రష్షుతో బురుజులు రుద్దడం మొదలుపెట్టాడు. నాచు పొరలుగా ఊడి నీళ్లలో జారుతుంటే ఆయన చెయ్యి ఆగింది. "ఎంత కష్టపడ్డడో పోరడు, గా దవాఖానల" అన్నాడు. కొడుకు పోయిన ఇన్నాళ్లకు మొదటిసారి, పీట మీద ముడుచుకుని, పెద్దగా ఏడ్చాడు. నేను ఆపలేదు. ఏడుస్తూనే మళ్లీ బ్రష్షు అందుకుని, దర్వాజ లోపల కూడా శుభ్రంగా రుద్దాడు.

కోట నెలరోజులు మేడమీద ఎండలో ఉంది. మందు పడ్డ తొట్టిలో మూడు చేపలు బతికాయి. కోటను మళ్లీ లోపల నిలబెట్టింది బాపే. నాలుగేళ్లు దాని ముందు కూర్చుని, ఆయనా వెళ్లిపోయాడు. రోజులు గడిస్తే బాధ అదే తగ్గుతుందని అప్పట్లో నాకు చెప్పనివాళ్లు లేరు. కానీ ఆ గడిచిన రోజులు మా బాపును లోలోపల ఇంకా బిగించాయే తప్ప తగ్గించిందేమీ లేదు. కోటను మరిగించిన ఆ మధ్యాహ్నం తర్వాతే ఆయనకు కాలం మళ్లీ కదిలింది.