అరికాలి మీద నీలం

కొత్త జీన్స్ ప్యాంటుతో నాకొక పేచీ ఉంది. మూడు ఉతుకుల దాకా దాని రంగు దాని దగ్గర ఉండదు. బకెట్లోని నా తెల్ల బనియన్లన్నీ ఆకాశమైపోతాయి. ఊరంతా జీన్స్ కుట్టే రాయదుర్గంలో పుట్టినవాడు ఈ మాట అనకూడదు. మా అమ్మ ఆ రంగుతోనే నన్ను డిగ్రీ చదివించింది. జీన్స్ కుట్టే యూనిట్లో దారాలు కత్తిరించేది. ఆమె బొటనవేలు నీలంగా లేని రోజు నేను చూడలేదు.

దయ్యాలతో మాత్రం నాకు ఏ పేచీ లేదు. లేనివాటితో ఏం పెట్టుకుంటాం?

అమ్మ పోయిన రెండేళ్లకు, అనంతపురంలోని ఒక ఆసుపత్రిలో, మా పాప ఏడో నెలలోనే పుట్టింది. బరువు కిలోకి కాస్త ఎక్కువ. గాజుపెట్టెలో పెట్టారు. నెలలు నిండని పిల్లలు ఊపిరి తీయడం మరిచిపోతారట. అలారం మోగగానే నర్సు వచ్చి అరికాలి మీద వేలితో తడితే, గుర్తొచ్చి మళ్లీ తీస్తారు. మా పాపకు మతిమరుపు కొంచెం ఎక్కువ. "మీ పాపకు ఊపిరి గూడా మేమే గుర్తు చేయాల్నా అన్నా," అనేది శారద సిస్టర్.

ఇలాగే ఉంటే గొంతులో గొట్టం వేయాలని, ఆపైన ఏమీ చెప్పలేమని డాక్టరు అన్నారు. నా భార్య లత ఆపరేషన్ కుట్లతో కింది వార్డులో ఉంది. ఆమెకు సగమే చెప్పాను.

ఆ మధ్యాహ్నం మోచేతుల దాకా కడుక్కుని, ఆసుపత్రి వాళ్ల ఆకుపచ్చ గౌను వేసుకుని, పెట్టె పక్కన కూర్చున్నాను. బయటి ఎండకు కిటికీ అద్దం తెల్లగా కరుగుతున్నట్టుంది. లోపల చల్లదనం, మిషన్ల రొద. కళ్లు మూసుకున్నానో లేదో, ఆ రొద కుట్టుమిషన్ల రొదలా, వరుసలు వరుసలుగా, దూరం నుంచి వినిపించింది. కొత్త గుడ్డ వాసన కూడా వచ్చింది. చిన్నప్పుడు యూనిట్లో గుడ్డ మూటల మీద నిద్రపోతే, ఇంటికెళ్లే వేళకు అమ్మ పేరు పెట్టి లేపేది కాదు. అరికాలి మీద బొటనవేలితో గీకేది.

అలారం మోగింది. సిస్టర్ పక్క బిడ్డకు పాలు పడుతోంది. ఆమె వచ్చేలోపే అలారం ఆగిపోయింది. పాప ఊపిరి తీస్తోంది. పెట్టె తలుపులు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

సిస్టర్ పాప కాలు చూసి నిలబడిపోయింది. కుడి అరికాలి మీద నీలం. ఆ గదిలో నీలం మంచి మాట కాదు. తడి దూదితో తుడిచింది. రంగు దూదికి అంటుకుంది. నా చేతులు చూపించమంది. అవి అంత శుభ్రంగా ఎప్పుడూ లేవు.

ఆ తర్వాత పాప ఒక్కసారి కూడా మరిచిపోలేదు. ఇప్పుడు బడికెళ్తోంది. టిఫిన్ డబ్బా తప్ప ఏదీ మరిచిపోదు. ఆ నీలం ఎక్కడిదో మాత్రం నేను ఇప్పటికీ చెప్పలేను. గౌను రంగేమోనని కొన్నాళ్లు అనుకుందామని చూశాను. గౌను ఆకుపచ్చది.

లోపలికి ఎవరొచ్చారని ఆ రోజు సిస్టర్ అడిగింది. ఎవరూ రాలేదన్నాను. ఎందుకో, మా అమ్మ పని గురించీ, ఆమె పోయిన సంగతీ చెప్పాను. సిస్టర్ అంతా విని, దూదిని చెత్తడబ్బాలో పడేసి, చార్టులో టైము రాసుకుంది.

"ఈడ పసిబిడ్డలుండారు," అంది. "ఈసారొస్తే చేతులు కడుక్కోని రమ్మని చెప్పన్నా."