నాడె కొట్టిన పన్ను, అవ్వ పెట్టిన సంగటి

ఉద్యోగం కొత్త, మీసం కొత్త, జేబులో సొంత జీతం కొత్త. ఆ రోజుల్లో ఏ మొగపిల్లోనికైనా ఒక భ్రమ ఉంటాది, లోకమంతా తననే చూస్తా ఉందని. నాది ఇంకొంచెం ముదిరిన భ్రమ. లోకమంతా నా నోట్లోకే చూస్తా ఉందని అనుకునేవాణ్ణి. ఊరికే అనుకోలేదులెండి. పైవరసలో, సరిగ్గా నడిమధ్యన ఉండాల్సిన పన్ను నాకు లేదు.

అది పోయిన కథ చెప్పుకోవడం నేతోళ్ళింట్లో పుట్టినోనికి సిగ్గుచేటు. మాది నగరి, ఇంట్లో మరమగ్గాలు. నేను డిప్లొమా చదివి రేణిగుంటలో ఒక ఫ్యాక్టరీలో సూపర్వైజరుగా చేరినాను. ఒక ఆదివారం ఇంటికొచ్చి, మగ్గం ఎందుకు మొరాయిస్తా ఉందో నాయనకు నేర్పిద్దామని (చదువుకున్న కొడుకును గదా!) ఆడే మగ్గం ముందర వంగి నిలబడినాను. "పక్కకు రారా, నాడె ఎగిరొస్తాది" అని నాయన అంటానే ఉన్నాడు. నూలుకండె కడుపులో పెట్టుకుని అటూ ఇటూ ఉరికే ఆ నాడె దోవ తప్పి నేరుగా నా నోటికే వచ్చింది. అమ్మ ఏడస్తా కిందపడిన పన్నును వెతికి కొంగున కట్టుకునింది. నాయన ముందు మగ్గం నిలిపి, తెగిన పోగులు చూసుకుని, ఆ తర్వాత నన్ను చూసినాడు. "ఇన్నేండ్లు మగ్గం ఆడిచ్చినాను, నాకొక్క పన్ను పోలేదు. నీకు ఒక్క ఆదివారానికే పోయిందేమప్పా!" అన్నాడు.

ఎదురింటి అత్త పరిగెత్తుకోనొచ్చి, "పుత్తూరు పోయి కట్టు కట్టించండి, పన్ను కూడా ఎముకే గదా" అనింది. (విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు కట్టించుకునేది మా పక్క జనానికి పుట్టుకతో వచ్చిన అలవాటు. పన్నుకు కట్టు ఎట్లా కడతారో, కట్టినాక అన్నం ఎట్లా తినల్లో ఆమె చెప్పలేదు.) ఫ్యాక్టరీలో అయితే మరుసటి దినమే నాకు 'గేటు' అని పేరు పెట్టేసినారు. నేను నోరు తెరిస్తే చాలు, "గేటు తీసినారప్పా, రైలు పోయినట్టుంది" అనేవాళ్ళు.

తిరపతిలో పండ్ల డాక్టరు దగ్గరికి నాయనే తోడొచ్చినాడు. డాక్టరు దవడ బొమ్మ ఒకటి చేతిలో పెట్టుకుని, ఇంప్లాంటు వేయించుకోమని ఓపిగ్గా చెప్పినాడు. దవడ ఎముకలో చిన్న స్క్రూ బిగిస్తారంట. మూడు నాలుగు నెలలకు ఎముక దాన్ని గట్టిగా పట్టుకుంటాదంట. అప్పుడు దాని నెత్తిన పన్ను ఎక్కిస్తారంట.

"అన్ని నెలలా! స్క్రూ బిగిచ్చినాక ఇంకేం పని సార్?" అన్నాడు నాయన. "మా మగ్గానికి పొద్దున బిగిస్తే మాపిటికి గుడ్డ దిగుతాది."

"ఇది ఎముక పెద్దాయనా, ఇనుము కాదు. తొందరపడితే ఊడి చేతికొస్తుంది."

నాయన దవడ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "ఓహో, మామిడి అంటు కట్టినట్టన్నమాట. అతుక్కునేదాకా కదిలించకూడదు" అన్నాడు. డాక్టరు సంతోషపడిపోయి, ఆ తర్వాత వచ్చినోళ్ళకంతా అదే మాట చెప్తా వచ్చినాడంట. అసలు పన్ను వచ్చేదాకా పెట్టుకొమ్మని, గులాబీరంగు ప్లేటుకు అతికించిన పన్ను ఒకటి ఇచ్చినాడు. పెట్టుకోవచ్చు, తీసుకోవచ్చు. "ఇది అలంకారానికే బాబూ. గట్టివి కొరికావో, రెండు ముక్కలవుతుంది" అని వేలు చూపించి బెదిరించినాడు.

స్క్రూ బిగించి నెల తిరక్కుండానే నారాయణవనం సంబంధం వచ్చింది. ఆ పిల్లను అంతకుముందే బంధువుల పెండ్లిలో చూసుండాను. పంక్తిలో రసం వడ్డిస్తా వచ్చి, వద్దు వద్దంటా ఉన్నా నా ఆకులో పోసింది. పారే రసాన్ని రెండు చేతులా కట్ట కట్టి ఆపతా ఉంటే పడీ పడీ నవ్వింది. (అప్పుడు నాకు పండ్లన్నీ ఉండాయి గాబట్టి నేనూ ధారాళంగా నవ్వినాను.) ఆ పిల్లే అని తెలిసినప్పటి నుంచి నాకు కుదురు లేదు. చేసుకుంటే ఆమెనే చేసుకోవల్ల. కానీ ఈ తగిలించుకునే పన్నుతో యాడ పోయేది?

"పన్ను ఎక్కినాక పోదాంలే మా" అన్నాను.

"ఆడి నెల వచ్చిందంటే పెండ్లి మాటలు ఎవురెత్తుతారు? అంతలోపల ఇంకెవురో తన్నుకోని పోతారు" అనింది అమ్మ. (ఆడి అంటే మా పక్క ఆషాఢం.) "నువ్వు మాత్రం ఆ పన్ను సంగతి ఎత్తొద్దు. కోక అమ్మేవాడు చిరుగు చూపిచ్చి అమ్ముతాడేమిరా?"

నేనేమో కోక, పన్నేమో చిరుగు! పెద్దోళ్ళతో వాదించలేక నోరు మూసుకున్నాను. ఆ దినం నోరు మూసుకునేది నాకూ మంచిదే.

బండిలో పోతా పోతా మా మామ, అంటే అమ్మ తమ్ముడు, అందరికీ కట్టడి చేసినాడు. "కాఫీ తాగండి, పలహారం తినండి, తప్పులేదు. భోజనానికి మాత్రం కూర్చోవద్దు. ఒప్పందం కాకముందే పిల్ల ఇంట్లో ముద్ద ముట్టినామంటే ఒప్పుకున్నట్టే. మధ్యాన్నం పళ్ళిపట్టులో ఇంకొక పిల్లను చూడల్ల. రెండూ చూసుకోని, తీరిగ్గా కబురు పంపిద్దాం." అది మా వైపు అందరికీ తెలిసిన పద్ధతే. నేనూ బుద్ధిగా తలూపినాను.

పిల్ల వచ్చింది, అందరికీ కాఫీ ఇచ్చింది, నా ముందర మురుకుల పళ్ళెం పెట్టింది. నేను ఆమెను చూద్దామని తలెత్తితే, నా కండ్లకు మురుకులే కనిపించినాయి. ఒక్కొక్కటి బండి చక్రమంత. "మా పిల్ల చేతివే, తినండి" అన్నాడు వాళ్ళ నాయన. డాక్టరు వేలు నా కండ్ల ముందర ఆడింది. చిన్న ముక్క ఒకటి తుంచి బుగ్గన పెట్టుకున్నాను. నమల్లేను, ఉమ్మలేను. ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు తోస్తా, ఉప్పూ నువ్వులూ చప్పరిస్తా కూర్చున్నాను. ఉద్యోగం ఎట్లుందని అడిగితే తలూపినాను, జీతం ఎంతని అడిగినా తలూపినాను. "మావాడు మితభాషి" అని మామ సర్దినాడు. మూలన ఈతచాప మీద కూర్చున్న ఆ ఇంటి అవ్వ మాత్రం రెప్పెయ్యకుండా నన్నే చూస్తా ఉండింది. ఆమె నోట్లో ఒక్క పన్ను లేదు.

నాకేమో ఆకలి. ప్లేటు విరుగుతాదేమోనని అమ్మ పొద్దున దోసె కూడా పెట్టలేదు. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి వేడి సంగటి వాసన, దాని వెనకాలే శెనిక్కాయల ఊరిబిండి వాసన. అవ్వ మెల్లగా లేచి నా దగ్గరికొచ్చి, "సంగటి ఉండాది నాయనా, తింటావా?" అనింది.

సంగటి సంగతి మీకు తెలియందా! నమిలేది కాదది. ముద్ద చేసి, ఊరిబిండిలో అద్ది, గుటుక్కున మింగేది. దేవుడు పండ్లు లేనోళ్ళను తలుచుకోనే రాగులు పుట్టించినాడు. పద్ధతులూ కట్టడులూ అన్నీ మరిచిపోయి, "పెట్టవ్వా" అన్నాను.

మూడో ముద్ద గొంతు దిగినాక గానీ అందరూ నన్నే చూస్తా ఉండారని నాకు తెలియలేదు. మామ నోట్లో కాఫీ నోట్లోనే ఉంది. అమ్మ తల పట్టుకునింది. నాయన ఏదో దగ్గొచ్చినట్టు వాకిలి దిక్కు తిరిగి నవ్వుకుంటా ఉన్నాడు. పిల్ల నాయన అయితే కండ్లు తుడుచుకోని మామ చేతులు పట్టేసుకున్నాడు. "ఇంకేముంది బావా, మాటలేమీ లేకనే మీవాడు తేల్చేసినాడు! చక్కెర తీసుకురండే!"

లోపల్లోపల నాకు ఎంత సంతోషమో! భయంతో చావాల్సిన సంబంధం ఆకలితో కుదిరిపోయింది. ఇంతలో వంటింటి వాకిట్లోంచి పిల్ల గొంతు వినిపించింది.

"నేనింకా ఒప్పుకోలేదు నాయనా."

చక్కెర తెచ్చే మనిషి నడిమధ్యనే నిలబడిపోయింది.

"నేను చేసిన మురుకులు తినలేదు ఆయన. అవ్వ చేసిన సంగటి మాత్రం అడిగి మింగినాడు. అట్లయితే అవ్వనే చేసుకోమను."

అందరూ నవ్వినారు, నేను తప్ప. నా గుండె సంగటితో పాటు కిందికి జారింది. చెప్పకపోతే మురుకులు నచ్చలేదనుకుంటాది, చెప్తే నేను నచ్చను. అమ్మ కండ్లతోనే "వద్దు, వద్దు" అంటా ఉంది. కానీ ఆ పిల్ల మొకం చూస్తే, పొద్దున్నుంచి పొయ్యి కాడ నిలబడిన కష్టమంతా ఉందా మొకంలో. ఏమైతే అయిందిలే అని చెయ్యి కడుక్కోనొచ్చి, ప్లేటు ఊడదీసి అరచేతిలో పెట్టుకుని, నాడె ఎగిరిన దగ్గర్నుంచి మామిడి అంటు దాకా అంతా చెప్పేసినాను.

"నేననుకుంటానే ఉండా!" అనింది అవ్వ. "మురుకును ఆ బుగ్గకూ ఈ బుగ్గకూ తిప్పేది చూస్తానే కనిపెట్టినా. నేనూ అట్లనే గదా తిప్పేది!"

పిల్ల దగ్గరికొచ్చింది. "ఏదీ, సూపించు." చూపించినాను. వంగి నా నోట్లోకి చూసింది. పెండ్లిచూపుల్లో అంత దగ్గరగా పెండ్లికొడుకును చూసిన పిల్ల మా రెండు వంశాల్లోనూ లేదు.

"ఆడేదో మెరస్తా ఉండాదే. నొప్పా?"

"లేదు. ఆగల్ల, అంతే."

పిల్ల మురుకుల పళ్ళెం ఎత్తుకోని లోపలికి పోయింది. అయిపోయింది, ఇంక లేచి పోవాల్సిందే అనుకున్నాను. అంతలో పెరట్లోంచి రోట్లో దంచే చప్పుడు. అవ్వ నవ్వతా, "నాకోసరం దినామూ అట్లనే దంచుతాదిలే" అనింది. పిల్ల గిన్నెలో మురుకుల పొడి వేసి, పైన వేడి పాలు పోసి, చెంచాతో తెచ్చి నా చేతికిచ్చింది. అయిపోయేదాకా ఎదురుగానే నిలబడింది.

"ఎట్లుండాయి?"

"శానా బాగుండాయి." కండ్లలో నీళ్ళు తిరిగినాయి నాకు. వేడి పాల వల్ల అనుకున్నారు అందరూ.

"సరే నాయనా" అనింది వాళ్ళ నాయనతో, గిన్నె తీసుకుని లోపలికి పోతా.

మామ బయటికి పోయి, బండి టైరు పంచరయిందని పళ్ళిపట్టుకు ఫోను చేసినాడు. (టైర్లు నాలుగూ రాళ్ళ మాదిరి ఉండినాయి.) పెండ్లికి ముందు తిరపతి పోయి అసలు పన్ను ఎక్కించుకున్నాను. పక్క పండ్ల రంగుకు రంగు కలిపి, ఏది సొంతమో ఏది తెచ్చిపెట్టిందో తెలియనంత బాగా చేసినాడు డాక్టరు. పెండ్లి ఫోటోలన్నిట్లో నేను అవసరానికి మించి నవ్వుతా ఉంటాను.

ఇప్పుడు తెలుస్తాది. ఇన్నేండ్ల కాఫీకీ వక్కాకుకూ సొంత పండ్లన్నీ గోధుమరంగుకు తిరిగిపోయినాయి, ఇంప్లాంటు మాత్రం ఎక్కించిన నాడు ఎట్లుండిందో అట్లనే ఉండాది. మొన్న చూపించుకునేదానికి పోతే, కావాలంటే దాన్ని మిగతావాటి రంగుకు మార్చేస్తానన్నాడు డాక్టరు. నేను నోరు తెరిచే ఉన్నాను గాబట్టి జవాబు మా ఆవిడే చెప్పింది. "వద్దు సార్, అట్లనే వదిలేయండి. పెండ్లినాటి మనిషిలో ఇంక మిగిలింది అదొక్కటే."

పొద్దున గడ్డం గీసుకుంటా అద్దంలో చూసుకుంటాను. జుట్టు పోయింది, బుగ్గలు జారినాయి. నడిమధ్యన అదొక్కటి, ఈ ముసిలోళ్ళ మధ్యలో నన్నెందుకు కూర్చోబెట్టినారు అన్నట్టు తెల్లగా, నిక్కబొడుచుకుని ఉంటాది. నిజం చెప్పల్లంటే, దాన్ని చూస్తే నాకే అప్పుడప్పుడు కొంచెం కుళ్ళు.