ఓదేలు ఇంకా లోపలే ఉన్నాడు

“లేని మనిషి కోసం నా బిడ్డ అన్నం తింటలేదు కాకా. గిట్లైతే రేపు ఉన్నోళ్లెవరో లేనోళ్లెవరో దానికెట్ల తెలుస్తది?”

చెప్పులు విడవకుండానే గడపలో నిలబడి ఉపేందర్ అడిగిన మొదటి మాట అది. లోపల పీట మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్న ముత్యం తలెత్తి చూశాడు.

“ముందుగాల కూసో. చాయ్ తాగుతవా?”

వంటింట్లోంచి ఆయన భార్య లింగవ్వ గొంతు వినిపించింది. “చాయెందుకు, రెండు తిట్లు పెట్టు బిడ్డా. కాలనీ పోరలందరికీ మీ కాక ఓదేలు పిచ్చి పట్టిచ్చిండు.”

సెంటినరీ కాలనీలో ముత్యాన్ని ఎరగనివాళ్లు లేరు. ఇరవై ఏళ్లకు బొగ్గుబాయిలో దిగి, పద్దెనిమిదేళ్లు టబ్బులు నింపాడు. మోకాలు దెబ్బతిన్నాక ఆయన్ని పైన ల్యాంపు రూముకు మార్చారు. బాయిలోకి దిగే ప్రతి మనిషీ అక్కడ తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి దీపం తీసుకుంటాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. మేకుకు వేలాడే ఆ బిళ్లనే అందరూ టోకెన్ అంటారు. షిఫ్టు అయిపోయాక మేకుకు టోకెన్ మిగిలిందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు.

మొదటి షిఫ్టు వారంలో ముత్యం నాలుగింటికల్లా ఇంటి మెట్ల మీద ఉండేవాడు. పిల్లలు కథ కోసం చుట్టూ చేరేవాళ్లు. ఓదేలు అక్కడే పుట్టాడు. బక్క మనిషి. చీకటంటే భయం. ఆ సంగతి బయటికి చెప్పుకోలేక దీపంతో ముచ్చట్లు పెడతాడు. వాళ్లమ్మ కట్టిచ్చిన మూడు రొట్టెల్లో సగం రొట్టె ఎప్పుడూ ఆఖరుకు దాచుకుంటాడు. పోయిన శనివారం కథలో షిఫ్టు కూత కూసింది, అందరూ పైకొచ్చారు. ఓదేలు టోకెన్ మాత్రం మేకుకే ఉంది. “మిగిలింది మళ్ల” అని ముత్యం లేచాడు. సోమవారం నుంచి ఆయనకు రెండో షిఫ్టు. పిల్లలు బడి నుంచి వచ్చేసరికి డ్యూటీలో ఉంటాడు.

పిల్లలు ఊరుకోలేదు. బూట్ పాలిష్ డబ్బా మూతకు చిల్లు పొడిచి ఓదేలు టోకెన్ చేశారు. వంతులవారీగా ఒక్కో రోజు ఒక్కో ఇంటి ముందు వేలాడదీశారు. మంగళవారం కాపలా ఉపేందర్ కూతురు సహస్రది. దానికి ఐదేళ్లు.

కళ్లద్దాల ఉపేందర్ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. బొగ్గు నమూనాలు కాల్చి బూడిద శాతం తేల్చే ల్యాబులో పని. పిల్ల తుమ్మితే టార్చిలైటు వేసి గొంతు చూసే రకం. తుప్పు పట్టిన మూత అంచు చూడగానే ఆయనకు ధనుర్వాతం గుర్తొచ్చింది. తీసి వీధి చివరి చెత్తకుండీలో పడేశాడు. బడి నుంచి వచ్చిన సహస్ర ఉత్త మేకును చూసింది. అప్పటి నుంచి ముద్ద ముట్టలేదు. “బొగ్గు నిజం, దీపం నిజం, ఓదేలు ఉత్త కథ బిడ్డా” అని ఉపేందర్ విడమరిచి చెబితే ఇంకా గట్టిగా ఏడ్చింది. రాత్రంతా ఏడ్చి పొద్దున గ్లాసెడు పాలతో సరిపెట్టింది.

ఇదంతా ముత్యం నవ్వుతూనే విన్నాడు. మూత పడేసిన సంగతి దగ్గర మాత్రం మోకాలి మీద చెయ్యి ఆగిపోయింది.

“మనిషి లోపలుండంగ టోకెన్ తీసినవా?”

“కాకా, వాడు లేడు గదా!”

“ఉన్నడో లేడో ఎనుకకు సూద్దాం. లోపల మనిషున్నడని పైనోళ్లకు తెలిపేది గదొక్కటే. అది లేకుంటే ఎవలు దేవులాడుతరు? నీ బిడ్డ ఓదేలు ఉన్నడనుకొని ఏడుస్తలేదు. వాని కోసం ఎవలూ పోరని ఏడుస్తాంది.”

ఉపేందర్ చాయ్ ముట్టకుండానే లేచాడు. నేరుగా చెత్తకుండీ దగ్గరికి వెళ్లి కట్టెపుల్లతో కెలకడం మొదలుపెట్టాడు. నైట్ డ్యూటీ దిగి పడుకోబోతూ బీడీ కోసం బయటికొచ్చిన సదానందం చూశాడు.

“ఏం పోగొట్టుకున్నవ్ తమ్మీ?”

ఉపేందర్ సిగ్గుపడుతూ చెప్పాడు. బాయిలో దిగని ల్యాబు ఉద్యోగి చెత్తకుప్పలో వెతుకుతుంటే సదానందం నవ్వుతాడనుకున్నాడు. సదానందం నవ్వలేదు.

“ఓదేలు టోకెనా? ఎవడు పారేసిండు?”

“నేనే అన్నా.”

“సదువుకున్నోనివి, గింత తెల్వదా?” అంటూ ఆయన లుంగీ ఎగ్గట్టి దిగాడు. ఇంకో ఇద్దరు బాయి పనివాళ్లు చేరారు.

“తెలంగాణ ఎప్పుడొస్తదని అడిగేటోళ్లు తక్కువైన్రు, ఓదేలు ఎప్పుడొస్తడని అడిగేటోళ్లు ఎక్కువైన్రు!” అన్నాడు అందులో ఒకడు.

“పిల్లలకంటే సరే. మీకేందన్నా గింత ప్రేమ, గింత పావురం వాని మీద?” అడిగాడు ఉపేందర్.

సదానందం గొంతు తగ్గించాడు. “బాయిల దిగిన మొదటి దినం నేను కండ్లు మూసుకున్న. ఎవలకూ చెప్పలే. ఓదేలు గూడ మూసుకున్నడు. కాకకు నా సంగతి ఎట్ల తెలిసిందో!”

“అరే, అది నా సంగతి!” అన్నాడు రెండోవాడు. “దీపంతోని మాట్లాడింది నేను.”

“సగం రొట్టె దాసుకున్నది మరెవడు?” అని మూడోవాడు కొట్లాటకు వచ్చాడు. ఓదేలు ఎవరనే పంచాయితీ తెగకముందే మూత దొరికింది. మేక ఒకటి దాని మీద హాయిగా పడుకుని ఉంది.

ఉపేందర్ మూతను వేడినీళ్లతో కడిగి, అంచును గరుకు కాగితంతో రుద్ది మేకుకు వేశాడు. సాయంత్రం కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు.

“నేనే తీసిన బిడ్డా. తప్పైంది. నలుగురం దేవులాడి తెచ్చినం.”

సహస్ర మూతను అటూ ఇటూ తిప్పి చూసింది. “నలుగురా?”

“నలుగురం.”

“అయితే లోపలే ఉన్నడని అందరికీ తెలుసు.” అని పళ్లెం ముందు కూర్చుని, పప్పన్నం తిని, మారు కూడా అడిగింది.

ఆదివారం సెలవునాడు ముత్యం మెట్ల మీద కథ ముగించాడు. పిల్లల వెనక పెద్దలు కూడా నిలబడ్డారు. దీపం మసకబారితే ఓదేలు పట్టాల మీద చెయ్యి ఆనించుకుని కూర్చున్నాడట. దాచిన సగం రొట్టె తిన్నాడట. అప్పుడు దూరంగా నలుగురు కేకేస్తూ వచ్చారట. అందరికంటే ముందున్న మనిషికి కళ్లద్దాలు ఉన్నాయట, బాయిలో ఎటు పోవాలో తెలియదట, అయినా ముందే ఉన్నాడట. పిల్లలంతా ఉపేందర్ వైపు తిరిగి ఒకటే నవ్వు. సహస్ర పరుగెత్తి మూత తీసుకొచ్చి ముత్యం చేతిలో పెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. సదానందం ఈల కూడా వేశాడు.

“ఓదేలును ఎక్కడ పట్టినవ్ కాకా?” అని తర్వాత అడిగాడు ఉపేందర్.

“మా ల్యాంపు రూము కిటికీలకెల్లి ముఖాలు కనవడయి, చేతులే కనవడుతయి. దీపం అందుకునే చెయ్యి సూస్తె ఎవడు భయపడుతున్నడో, ఎవనికి బుగులున్నదో తెలుస్తది. గా బుగులే వానికి పెట్టిన. మొదటి దినం నా చెయ్యి గూడ గట్లనే వణికింది. వానికి బలం పెడితే సప్పట్లు కొట్టి ఇంటికి పోతురు. బుగులు పెట్టిన గావట్టి ఇడిసిపెట్టి పోతలేరు.”

తర్వాతి ఏడాది తెలంగాణ వచ్చింది. సహస్ర పెద్ద బడిలో చేరింది. ఓదేలు తర్వాత రెక్క విరిగిన రాకుమారి ఒకతె, లెక్కలు రాని రాక్షసుడొకడు వాళ్లింటికి వచ్చి వెళ్లారు. ఒక్కొక్కరు వచ్చినప్పుడల్లా ‘ఉత్త కథ బిడ్డా’ అనే మాట ఉపేందర్‌కు నోటిదాకా వస్తుంది. అయినా కథ ముగిసిన ఆ ఆదివారం తను లేవబోతుంటే ముత్యం భుజం మీద చెయ్యేసి చెప్పిన మాటే పాటిస్తున్నాడు.

“నీ బిడ్డ మళ్ల ఎవలనో ఒకలను ఇంటికి తోలుకొస్తది. ఉన్నడా లేడా అని పంచాది పెట్టకు. ఏం తిన్నడో అడుగు.”