రెండు బటన్లు, ఒకే వరుస

ఆ పట్టిక గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఎల్బీనగర్‌లోని మా చిన్న ఆఫీసు ఇక్కడి విద్యార్థుల కోసం ఒక వెబ్‌సైటు నడిపేది. బంద్ అంటే బస్సులుండవు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల నుంచి పిల్లలు నడిచే పోయేవారు. అందుకని ‘ఇంటికి చేరిన’ అనే బటన్ పెట్టాం. గడప దాటి లోపలికొచ్చాకే నొక్కాలి. అది కనబడితే తోటివాళ్లు నిశ్చింతగా ఉండేవారు.

కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల కాలనీలకు ఇంకో సైటు ఉండేది. అందులో ‘ఇక్కడున్నాను’ అనే బటన్ ఉండేది, దాన్ని ఎక్కడినుంచైనా నొక్కొచ్చు. అక్కడ నొక్కింది ఇక్కడ కనబడేలా రెండింటినీ కలపాలనుకున్నాం. వాళ్ల బటన్లు ఒకవైపు, వాటికి సరిపోయే మావి ఇంకోవైపు రాసి పట్టిక తయారుచేశాం. ఒకే వరుసలో ఉంటే, వాళ్లది నొక్కినా ఇక్కడ మా బటన్ పేరే కనబడుతుంది. సరిపోనివాటికి కొత్త వరుస చేర్చాలి.

ఈ రెండు బటన్లకూ రెండు వరుసలు కావాలన్నాను. ఆ సైటు తరఫున వచ్చినాయన నవ్వాడు.

“రెండూ మనిషి ఎక్కడున్నాడో చెప్పేవే కదండీ. మీకు ప్రతీదీ వేరుగానే కావాలి.”

ఆ మాట పొద్దున లేస్తే టీవీలో వింటున్నదే. కడుపు మండింది. వేరుగా కావాలంటే తగువులమారిననుకుంటారని, పెద్దమనిషిలా కనబడాలని, రెండింటినీ ఒకే వరుసలో రాసేశాను. నా మొహానికి పెద్దరికం ఒకటి.

నెల తిరక్కముందే ఒక బంద్ రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో రాళ్లు పడ్డాయి. మా చెల్లెలు అక్కడే కోచింగ్‌లో ఉంది. క్లాసులో అందరూ కాలనీల పిల్లలే, అది కూడా వాళ్ల సైటే వాడేది. గొడవైతే నేను బండి మీద వెళ్లి తీసుకురావాలని మా ఒప్పందం. ఫోన్ కలవలేదు. ఇంతలో తెర మీద దాని పేరు, పక్కన ‘ఇంటికి చేరిన’ అని వచ్చింది. హమ్మయ్య అనుకుని పనిలో పడ్డాను.

సాయంత్రం బడంగ్‌పేట్‌లో మా ఇంటి ముందు బండి ఆపేసరికి నాన్న గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

“చెల్లె ఏది? నువ్వు తోల్కొస్తవని ఎదురుచూస్తున్నం.”

అప్పుడు తెలిసింది నేనేం రాశానో. వచ్చిన దారినే వెనక్కి పోయాను. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ పక్కనే ఒక బట్టల కొట్టు సగం దించిన షట్టర్ వెనక, మడమ వాచిపోయి, చెల్లెలు నేల మీద కూర్చుని ఉంది. మధ్యాహ్నం నుంచి మంచినీళ్లు కూడా లేవు.

“నాలుగుసార్లు నొక్కిన అన్నా, ఇక్కడున్న అని. నువ్వు చూస్తవనే నొక్కిన.”

మర్నాడు ఆ వరుసను రెండు చేయడానికి పది నిమిషాలు పట్టింది. ఆ సైటాయన నొచ్చుకున్నాడు, క్షమించమన్నాడు. ఆయన మీద కోపం వారంలో పోయింది. నా మీద నాకున్నది పోలేదు. ఎందుకంటే ఆ నాలుగూ నేను చూశాను. నాలుగోది వచ్చినప్పుడు, చేరిందని ఒకసారి చెప్తే చాలదా అని విసుక్కున్నాను. ఆ సంగతి చెల్లెలికి ఇప్పటికీ చెప్పలేదు.